మూగమెట్లు

ఆ ఎండాకాలం మా ఇంట్లో అందరూ గుసగుసలాడుతున్నారని మా అత్త కోటమ్మ అనేది. ఇంట్లో ఉండేది ముగ్గురం. అందులో ఒకరు ఆమే.

దేశంలో మొదటిసారి ఓట్లు పడి, గోడల మీద సున్నంతో రాసిన పేర్లు ఇంకా చెరిగిపోని ఏడాది అది. ఉదయగిరి బజారులో మాది చింతపండు, కుంకుడుకాయల టోకు వ్యాపారం. ముందర అంగడి, మధ్యన ఇల్లు, దొడ్లో గోడౌను. మా మామ పోయిన నాటినుంచీ తక్కెడ మా అత్త చేతిలోనే ఉంది. కొడుకు పెంచలనరసింహానికి, అంటే మా ఆయనకి, మీసాలొచ్చి పెళ్ళయినా గల్లాపెట్టె తాళం మాత్రం ఆమె బొడ్లోంచి కదల్లేదు. నేను కలువాయి పిల్లను. కాపురానికొచ్చాక అది రెండో వేసవి.

మొదటి పేచీ అన్నాల దగ్గర వచ్చింది. ఆయన మజ్జిగ అడిగాడు. అయిపోయిందని చెప్పి నేను పెరుగు వేశాను. అత్త ముద్ద కలుపుతున్న చెయ్యి ఆపి మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది.

"ఏంది మంతనం?"

"మంతనమేంది మా, మజ్జిగ అడిగినా," అన్నాడు తల్లితో.

"మజ్జిగకు అంత మెల్లగా అడగాల్నా? నా ఇంట్లో మజ్జిగ దొంగసరుకా?"

నాకు నవ్వొచ్చింది. నవ్వకూడని చోట నవ్వు ఎలా వస్తుందో మీకు తెలుసు. ఆ నవ్వును పైటకొంగులో దాచుకోబోయాను, అదీ చూసింది.

ఆ తర్వాత ఇంట్లో పద్ధతులు ఒక్కొక్కటీ మారాయి. అత్త ఎక్కడ కూర్చున్నా గోడకు వీపు ఆనించి కూర్చునేది, ఎవరూ తన వెనక మసలకుండా. పగలు ఏ తలుపూ మూయకూడదంది. బావి దగ్గర నేను పక్కింటామెతో మాట్లాడుతుంటే దూరంగా నిలబడి నా నోరే చూసేది. వంటింట్లోంచి "అత్తమ్మా, నీళ్ళు కాగినాయి" అని పిలిస్తే పలకదు. పోనీ ఊరికే ఉంటే మాత్రం "ఏంది, ఏమో అన్నావే?" అని నిలదీసేది. కోడలు పిలిస్తే పలకడం నామోషీ అనుకుంటోందని నేను లెక్కగట్టాను. నేనేం తక్కువ తిన్నానా. మా నాయన రత్తయ్య కొత్త తూకంరాయి కొంటే దాన్ని పాత రాయితో తూచి చూసుకునే మనిషి. ఆ రక్తమే నాదీ. ఆమె నన్ను అనుమానిస్తుంటే నేను ఆమెను అనుమానించాను, కావాలనే ఇలా నన్ను వేధించి పంపేయాలని చూస్తోందని.

ఆమె అనుమానానికి ఒక పేరుంది. దాని పేరు ఆత్మకూరు. అక్కడి మండీ వ్యాపారి ఆదినారాయణ మా ఆయనను పిలిచి, "ఆ కొండకింద ఎన్నాళ్ళుంటావు, ఇక్కడికొచ్చి అంగడి పెట్టుకో" అన్న సంగతి బజారంతటికీ తెలుసు. ఆ మాట మా ఆయన చెవిలో పడటమే తడవు, కోడలు దానికి నీళ్ళు పోసి పెంచుతోందని అత్త తీర్మానించింది.

ఒకరోజు నేను ముగ్గు వేస్తుంటే పక్కన వచ్చి నిలబడి చెప్పింది. "మీ ఇద్దరూ ఇంకొకసారి నా యెనక మాట్లాడుకోని కనపడితే మీ నాయనకు కబురంపుతా. వచ్చిన బస్సులోనే పోతావు."

నవ్వులాటకు అన్నమాట కాదది. మా మేనత్తను కూడా ఇలాగే ఒకనాడు ఒక ట్రంకుపెట్టెతో అత్తవారు దింపి వెళ్ళారు. నాలుగు రోజుల్లో తీసుకుపోతామన్నారు. ఆమె జుట్టు నెరిసేదాకా మా వంటింట్లో వడియాలు పెడుతూనే ఉంది. పండక్కి ఎవరైనా వాకిట్లో పిలిస్తే ఇప్పటికీ తల ఎత్తి చూస్తుంది. నాకు భయం వేసింది. ఎంత భయమంటే, ఆ తర్వాత మా ఆయన ఎదురొస్తే నేను పక్కకు తప్పుకునేదాన్ని.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా ఇంటికి పియానో వచ్చింది.

మిషను బంగళాలో ఉండే దొరసాని తన దేశానికి వెళ్ళిపోయింది. బంగళా పెంకులు దించేస్తున్నారు. ఆమె పియానో ఆత్మకూరులో బడికి చేరాలి. చింతపండు లోడుకు వచ్చే మా లారీలోనే దాన్ని పంపితే సరిపోతుందని, అందాకా మా గోడౌన్లో ఉంచమని మిషను బడి రెబెకమ్మ టీచరు వచ్చి అడిగింది. పియానోతోపాటే ఆమె కూడా ఆత్మకూరు బడికి మారాల్సి ఉంది. చిన్నప్పుడు మా ఆయనకు కోరింతదగ్గు వస్తే దొరసాని మందే బతికించిందట. అందుకని అత్త కాదనలేకపోయింది. సరేననీ అనలేదు.

ఎద్దులబండి మీద, గోనెపట్టాలు కప్పుకుని, సగం బజారును వెంటేసుకుని వచ్చింది ఆ పెట్టె. హమాలీలు రొప్పుతూ దించారు. ఎదురంగడి శీనయ్య తన అరుగు మీదినుంచే వేళాకోళం చేశాడు. "కోటలో దొరికిన నిక్షేపమంతా దొరసాని ఇందులో దాచిపెట్టి పోయినట్టుండాదే."

అత్త వాడి మొహం చూసి నా వైపు తిరిగింది. "ఏమంటా ఉండాడు వాడు?"

చెప్పాను. ఆమె నా మాట నమ్మలేదు. అంతసేపు నోరు కదిపి ఇంత పొట్టిమాట ఎలా అంటాడని ఆమె బాధ.

రెబెకమ్మ దొడ్డివాకిలి వైపునుంచి వచ్చి గోడౌను దాకానే వచ్చేది. అంతకు మించి లోపలికి రమ్మని మా ఇంట్లో ఎవరూ అనలేదు, ఆమె కూడా అడగలేదు. నల్లటి అంచున్న తెల్లచీర, చేతికి గడియారం. తాళం తీసి మూత ఎత్తింది. లోపల తెల్లవీ నల్లవీ మెట్లు వరసగా ఉన్నాయి, హార్మోనియం మెట్ల లాగే, కానీ ఇంకా ఎన్నో. పై పలక కూడా తీసి చూపించింది. లోపల తీగలు, తీగలకెదురుగా చిన్నచిన్న సుత్తులు.

"నిక్షేపం ఇంతేనమ్మా," అంది అత్తతో. "మీరే నొక్కి చూడండి."

అత్త చింతపండు బుట్టలో చెయ్యి పెట్టినట్టే జాగ్రత్తగా ఒక వేలు చాచింది. కుడిచేతివైపు కొసన ఉన్న మెట్టు నొక్కింది. కంచుగిన్నె మీద గోరు తగిలినట్టు సన్నగా, ముద్దుగా పలికింది. అత్త మళ్ళీ నొక్కింది. మళ్ళీ పలికింది.

"ఇది మూగది," అంది అత్త.

రెబెకమ్మ నా వైపు చూసింది. నేను రెబెకమ్మ వైపు చూశాను. ఆ చూపును అత్త పట్టుకుంది.

"అట్ట చూసుకుంటారేంది? చెడిపోయిన సరుకు తెచ్చి మా గోడౌన్లో పెట్టి, రేపు పొయ్యేటప్పుడు కోమటోళ్ళు చెడగొట్టినారని అంటారు. నాకు తెలవదా. ఈ తాళం నాకొద్దు. మా కోడలికే ఇయ్యి, దానికే కావాల ఇట్టాంటియ్యి."

అలా ఆ తాళం నా కొంగున పడింది. కయ్యానికి కాలు దువ్వడమంటే ఇదే అనుకున్నాను. పలికినదాన్ని పలకలేదని నలుగురి ఎదుట అనగలిగిన మనిషి నన్ను ఏమైనా అనగలదు.

మధ్యాహ్నాలు అత్త కునుకు తీసేటప్పుడు రెబెకమ్మ వచ్చేది, ఎలకలు చేరకుండా పియానోలో వేపాకు మార్చడానికి. నేను తాళం తీసి పక్కన నిలబడేదాన్ని. ఆమె పని చేస్తూ కథలు చెప్పేది.

"ఇది పుట్టక ముందు దీని పెద్దక్క ఒకటి ఉండింది నాగేశ్వరమ్మా. అందులో సుత్తులుండవు. మెట్టు నొక్కితే పక్షి ఈక కాడ లేచి తీగను మీటతాది. ఎంత కోపంగా నొక్కినా, ఎంత ప్రేమగా నొక్కినా ఒకటే గొంతు. ఇటలీ దేశంలో ఒక రాజుగారి కొడుకు దగ్గర వాద్యాలు చూసుకునే మనిషి ఉండినాడు. రెండొందల యాభై ఏళ్ళ నాటి మాట. మెల్లగా చెప్పేది మెల్లగానే వినపడాల, గట్టిగా చెప్పేది గట్టిగానే వినపడాల అనుకున్నాడు. ఈక తీసేసి సుత్తి పెట్టినాడు. సుత్తికి జింకతోలు చుట్టినాడు."

"సుత్తితో కొడితే తీగ తెగదా?"

"అక్కడే ఉండాది అతని తెలివి. సుత్తి కొట్టినాక చిటికెలో యెనక్కి తగ్గిపోవాల. తీగకు అంటుకోనుంటే తీగ నోరు మూసుకుంటాది. కొట్టేది సులువు, తగ్గేదానికే ఆయన తంటాలన్నీ పడింది."

ఈ మాట మా ఇంట్లో గోడమీద రాయించి పెట్టుకోవాలనిపించింది నాకు. మా ఇంట్లో సుత్తులకు కొదవ లేదు, తగ్గడమే ఎవరికీ రాదు.

"పియానో అంటే వాళ్ళ భాషలో మెల్లగా అని. మొదట్లో మెల్లగా, గట్టిగా అని రెండు మాటలూ కలిపి పిలిచేవాళ్ళంట. రానురాను గట్టి పోయి మెల్లనే మిగిలింది."

"జనం మెచ్చుకున్నారా?"

"ఎక్కడ మెచ్చుకుంటారు. గొంతు బొంగురుగా ఉండాది, గదిలో సరిగా వినపడలేదు అన్నారు. కొత్తదంటే ఎవరికైనా అనుమానమే గదా. ఆయన చేసినవి కొన్నే. ఆయన పోయినాక ఎక్కడో వేరే దేశంలో పనివాళ్ళు దాన్ని పట్టుకోని పైకి తెచ్చినారు."

నేనూ ఒక మెట్టు నొక్కి చూశాను. మెల్లగా నొక్కితే మెల్లగా, గట్టిగా నొక్కితే గట్టిగా. ఇంత చిన్న సంగతి కోసం ఒక మనిషి బతుకంతా పెట్టాడా అనుకున్నాను. కానీ మళ్ళీ మళ్ళీ నొక్కాను.

ఆ వేసవిలో అంగట్లో ఇంకో వింత జరుగుతుండేది. పశువుల సంతలో మగవాళ్ళు తుండుగుడ్డ కింద చేతులు పెట్టుకుని వేళ్ళతో బేరమాడతారు, పక్కవాడికి ధర తెలియకుండా. ఒక వేలు పట్టుకుంటే ఒకటి, రెండు పట్టుకుంటే రెండు. బేరం కుదిరితే పిడికిలంతా పట్టి గట్టిగా నొక్కుతారు. కుదరకపోతే చెయ్యి వెనక్కి లాక్కుంటారు. మా అత్త ఆడవాళ్ళతో ఆ బేరాన్ని తన కొంగు కింద మొదలుపెట్టింది. ఒకప్పుడు ఆమె బేరమాడితే బస్టాండు దాకా వినపడేది. ఇప్పుడు కొండకింది పల్లెల ఆడవాళ్ళు కుంకుడుకాయలు తెచ్చినా కొంగే, తేనె తెచ్చినా కొంగే.

గొర్రెలకాపరి తిరుపాలు పెళ్ళాం ఆదిశేషమ్మ నెయ్యి తెచ్చి ఇదే పని మీద గొణిగింది. "నెయ్యి బేరం గూడా కొంగుచాటేనా కోటమ్మా? ఏం కాలమొచ్చె. నోటితో చెప్తే ముత్యాలు రాలతాయా?"

అత్త ఆమె మొహం కేసి తేరిపార చూసి, జవాబు చెప్పకుండా కొంగు చాచింది. ఆదిశేషమ్మ నిట్టూర్చి చెయ్యి పెట్టింది.

కుండలమ్మే వాళ్ళొచ్చినప్పుడు కూడా నాకొకటి కనిపించింది. మా అత్త కుండ కొనాలంటే వేలిముడితో తట్టి చెవి దగ్గర పెట్టుకునేది, బీట ఉంటే ఆ చప్పుడులోనే పట్టేది. ఊళ్ళో కుమ్మరులందరికీ ఆమె వేలంటే హడలు. ఈసారి తట్టలేదు. కుండను ఎండకెదురుగా పట్టుకుని లోపలికి చూసింది, వెలుతురు దూరుతుందేమోనని. ముసలితనం వచ్చి ఓపిక తగ్గిందేమో అనుకుని నేను నీళ్ళకు పోయాను.

లారీ వారం రోజుల్లో వస్తుందనగా మా ఆయన మధ్యాహ్నం గోడౌన్లోకి వచ్చాడు. నేను పియానో మీద దుమ్ము తుడుస్తున్నాను.

"ఆదినారాయణ మళ్ళా కబురుపెట్టినాడు. అంగడి చూసి పెట్టినాడంట," అన్నాడు.

"మీ అమ్మకు చెప్పినావా?"

"చెప్పలేదనుకున్నావా. మొన్న కుంకుడుకాయలు ఏరతా ఉంటే యెనకమాల నిలబడి చెప్పినా. మూడుమాట్లు చెప్పినా. మా, నువ్వు గూడా రావాల, నువ్వు లేకుండా నేను పోనని గూడా అన్నా. ఒక్కమాట మాట్లాడలా, ఏరతానే ఉండాది. చెవిటోడి ముందర శంఖం ఊదినట్టే. మౌనం అర్ధాంగీకారమంటారు గానీ మా అమ్మది పూర్తి నిరాకరణ."

"మొహం చూసి చెప్పొచ్చు గదా."

"మొహం చూస్తే మాట రాదే నాకు."

ఆయన నవ్వాడు. చాలా రోజుల తర్వాత నేనూ నవ్వాను. నిజం చెప్పాలంటే నాకూ ఆత్మకూరు మీద మనసుంది. పెద్ద బజారు, బారుగా అంగళ్ళు. ఆ మాటే చెబుతుండగా వెలుతురు తగ్గింది. గోడౌను వాకిట్లో అత్త నిలబడి ఉంది. ఎంతసేపటినుంచి ఉందో తెలియదు. మా నోళ్ళు చూస్తోంది.

తిట్టినా బాగుండేది, వచ్చిన దారినే వెనక్కి తిరిగింది. మర్నాడు పొద్దున బస్సు కండక్టరుతో కలువాయికి కబురు వెళ్ళింది.

మా నాయన వచ్చిన రోజు గాలి కూడా కాలుతోంది. అరుగు మీద కూర్చుని, ఇచ్చిన మంచినీళ్ళ చెంబు తాగకుండా పక్కన పెట్టాడు. నా ట్రంకుపెట్టె అప్పటికే వసారాలో ఉంది. దాన్ని అక్కడ పెట్టింది అత్తే.

"ఏం తప్పు చేసింది అమ్మాయి?" అన్నాడు మా నాయన.

"గుసగుసలాడతాది," అంది అత్త. "నా కొడుక్కు చెవిలో పోస్తాది. నా ఎదురుగా నోరు ఆడిస్తాది, మాట బయటికి రానియ్యదు. నా ఇంట్లో నాకే చాటు."

"ఏమ్మా?" అన్నాడు నాయన నా వైపు తిరిగి.

"నేను మామూలుగానే మాట్లాడతాను నాయనా."

"చూసినావా," అంది అత్త. "ఇప్పుడు గూడా నాకు వినపడకుండానే చెప్పె."

మా ఆయన గోడకు ఆనుకుని నేల చూస్తున్నాడు. ఒక్కమాట చెప్పవయ్యా అని ఆయన మీద నాకు ఒళ్ళు మండిపోయింది. మేనత్త వడియాల గుడ్డ నా కళ్ళ ముందే పరిచినట్టయింది.

అప్పుడే దొడ్డివాకిట్లోంచి రెబెకమ్మ పిలిచింది. లారీ సాయంత్రానికి వస్తోందట, పియానో కట్టించాలట. అత్తకు పిలుపు అందలేదు. మా ఆయన వెళ్ళి ఎదురుగా నిలబడి చెబితే గబుక్కున లేచింది.

"రత్తయ్యా, నువ్వూ రా. నీ ఎదురుగానే జరగాల. సరుకు దించుకునేటప్పుడు ఎట్ట చూసుకుంటామో, పంపేటప్పుడూ అట్టనే చూపించి పంపాల. ఆ పెట్టె వచ్చిన రోజే కొస మెట్టు మూగదని చెప్పినా. మీ అమ్మాయీ ఈ టీచరమ్మా కళ్ళతో మాట్లాడుకున్నారు. ఎవురు దొంగలో తేలాల."

అందరం గోడౌన్లోకి వెళ్ళాం. లోపల చింతపండు పులుపువాసన, మండుతున్న రేకుల కప్పు. అత్త స్తంభాన్ని పట్టుకుని పియానో పక్కన నిలబడింది.

"ఒక్కొక్క మెట్టే వాయించు టీచరమ్మా. నేను ఎంచుతా."

రెబెకమ్మ ఎడమకొసన మొదలుపెట్టింది. మొదటి మెట్టు బండి చక్రం వంతెన మీద దొర్లినట్టు గుమ్మంది.

"లాభం," అంది అత్త. మా వాళ్ళు తూకం దగ్గర ఒకటి అనరు, లాభం అంటారు. తర్వాత రెండు, మూడు. ఒక్కొక్క మెట్టుకూ తల ఊపుతూ, లారీకి బస్తాలు ఎక్కించేటప్పటి గొంతుతో ఎంచుతూ పోయింది. ఆ పని చేసేటప్పుడు ఆమెలో నాకెప్పుడూ తప్పు కనపడేది కాదు, నిజానికి చూడముచ్చటగా ఉండేది. రెబెకమ్మ చెయ్యి నడిమికి వచ్చింది. గొంతు సన్నబడుతోంది. అత్త లెక్క కొంచెం నెమ్మదించింది. తల ముందుకు వంచింది.

రెబెకమ్మ ఇంకో మెట్టు నొక్కింది. అత్త ఏమీ అనలేదు.

రెబెకమ్మ ఆగి చూసింది.

"ఊఁ, కానీ," అంది అత్త.

"వాయించినాను గదమ్మా."

"యాడ వాయించినావు? మళ్ళా నొక్కు."

నొక్కింది. గోడౌనంతా వినపడింది.

"ఇదీ మూగదే," అంది అత్త. "తర్వాతది?"

తర్వాతది పలికింది. "ఇదీ మూగదే." ఇంకోటి. "ఇదీ." ఆమె గొంతులో గెలుపు వినిపిస్తోంది. "కొసమెట్టు ఒకటే అనుకుంటి. సగం పెట్టె చచ్చిపోయుండాది. చూసినావా రత్తయ్యా, చూసినావా."

మా నాయన భుజం మీది తుండుగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు. ఎవరి వైపూ చూడలేదు. రెబెకమ్మ చేతులు మెట్ల మీదే ఉండిపోయాయి. మా ఆయన తల్లిని "మా" అని పిలిచి ఏదో అనబోతే నేను వెనకనుంచి చొక్కా పట్టి ఆపాను. కుండ ఎండకెదురుగా ఎందుకు పట్టిందో, నెయ్యి కొంగుచాటున ఎందుకు కొందో, మజ్జిగ ఎందుకు దొంగసరుకయిందో అన్నీ నాకు ఒక్కసారే అర్థమయ్యాయి.

అత్త మా మొహాలు చూసింది. మొహాలు చూసి సరుకు ధర కట్టిన మనిషి ఆమె. ఒకరి తర్వాత ఒకరిని చూసింది. ఆమె నవ్వు మెల్లగా పోయింది.

రెబెకమ్మ చెయ్యిని తన చేత్తోనే పక్కకు జరిపింది. కొసమెట్టు మీద వేలు పెట్టి బలంకొద్దీ నొక్కింది. నొక్కేటప్పుడు మెట్టు కేసి చూడలేదు. మా కేసీ చూడలేదు. మేమందరం కూడబలుక్కుని ఉండొచ్చుగా. ఆమె పైకి చూసింది. దూలం మీద ఎండకు తలదాచుకున్న పిచ్చుక ఆ చప్పుడుకు అదిరి లేచి వాకిట్లోంచి ఎగిరిపోయింది.

అత్త అది పోయిన వైపే కాసేపు చూసింది.

"సరే," అంది. "సరుకు బాగానే ఉండాది. కట్టించుకోమ్మా."

మూత ఆమే దించింది.

మా నాయనకు ఆ పూట అన్నం అత్తే వడ్డించింది. నెయ్యి రెండోసారి కూడా వేసింది. తిని లేచాక ఆయన నా ట్రంకుపెట్టె వైపు చూస్తే, "ఎండ చల్లబడినాక బయల్దేరు రత్తయ్యా, ఒక్కడివే. అమ్మాయికి ఈడ పని ఉండాది," అంది. బస్సెక్కేటప్పుడు మా నాయన నా తల మీద చెయ్యి పెట్టాడు, పెళ్ళిలో కూడా అలా పెట్టలేదు.

పొద్దు వాలుతుండగా లారీ పియానోను ఎక్కించుకుని వెళ్ళిపోయింది. అత్త వసారాలో కుంకుడుకాయల రాశి దగ్గర కూర్చుని ఉంది. నన్ను చూసి పక్కన చోటు చూపించింది. కూర్చున్నాను.

"యెవురికన్నా చెప్తారా?" అంది.

తల అడ్డంగా ఊపాను.

"టీచరమ్మ?"

మళ్ళీ ఊపాను.

"బజార్లో తెలిసిందంటే నా దగ్గర నిజం తూకం తూచేవాడు ఒక్కడుండడు. నరసిమ్మ మాట సగం సగమన్నా తగలతాది. నీది మరీ సన్నగొంతు. నోరు ఆడతాది, మాట రాదు. నేనేమని అనుకోవాల?"

నాకు ఏడుపొచ్చింది. దాని వెనకే కోపమూ వచ్చింది. ఇన్నాళ్ళూ నన్ను దొంగను చేసి, నా పెట్టె సర్దించి, ఇప్పుడు ఏమనుకోవాల అంటుందా అని. రెండింట్లో ఏది ముందు బయటపడేదో గానీ, అంతలో అత్త కొంగు చాచి దాని కిందికి తన చెయ్యి పెట్టింది. బేరానికి పెట్టినట్టే, అరచెయ్యి పైకి.

"ఇందులో అబద్ధం చెప్పేదానికి లేదు," అంది. "ఆత్మకూరికి పోవాలనుండాదా నీకు?"

కొంగు కింద ఆమె పిడికిలంతా పట్టి గట్టిగా నొక్కాను.

"అనుకుంటి," అంది అత్త. ఆమె మొహం ఎంత తేటపడిందంటే, ఆ వేసవిలో ఆమె పడ్డ అనుమానాల్లో ఒకటైనా నిజమైనందుకు సంతోషించినట్టే ఉంది. "మరి నన్ను ఈడ్నే ఇడిసిపెట్టి పోదామనా?"

చెయ్యి చటుక్కున వెనక్కి లాక్కున్నాను. ఆ బేరం లేదని.

అత్త ముక్కు చీదింది. కుంకుడుకాయల దుమ్మని చెప్పింది.

దసరాకు ముందే ముగ్గురం ఆత్మకూరు చేరాం. గల్లాపెట్టె తాళం ఆమె బొడ్లోనే వచ్చింది. కొత్త అంగట్లో ఆమె పక్కన నేను కూర్చునేదాన్ని, నా ఎడమచెయ్యి ఎప్పుడూ ఆమె కొంగు కిందే ఉండేది. అత్తాకోడళ్ళు ఇంత అన్యోన్యంగా ఉండటం ఎక్కడా చూడలేదని బజారంతా చెప్పుకుంది. అందులో ఏదో మర్మం ఉందని ఆదినారాయణ పెళ్ళానికి మాత్రం అనుమానం.

ఒక సాయంత్రం సరుకు చూసి వస్తూ బడి గోడ పక్కన నడుస్తున్నాం. కిటికీలోంచి పియానో వినిపించింది. నేను ఆగాను. నేను ఆగితే అత్తా ఆగింది. కిటికీలో రెబెకమ్మ వీపు, చేతులు కనపడుతున్నాయి.

"పలకతా ఉండాదా?" అంది అత్త.

కొంగు కిందికి చెయ్యి పెట్టాను. మెల్లగా పలికితే మెల్లగా, గట్టిగా పలికితే గట్టిగా ఆమె వేళ్ళు నొక్కుతూ పోయాను. అత్త గోడకు ఆనుకుని కళ్ళు కిటికీ మీదే పెట్టుకుని నిలబడింది. దారిన పోయేవాళ్ళు మమ్మల్ని తప్పుకుని పోతున్నారు. ఆ పాటలో ఎక్కడో పడి నేను చెయ్యి సంగతి మరిచిపోయాను.

మోచేత్తో ఒక పోటు పొడిచింది అత్త.

"ఏమ్మే, ఆమె చెయ్యి ఇంగా ఆడతానే ఉండాది. కుడిపక్క, ఆ సన్న మెట్ల కాడ. నువ్వేమో ఊరికే ఉండావు. తూకం కొడతా ఉండావా?"

నిజమే. రెబెకమ్మ వేళ్ళు కుడికొసన ఆ మూగమెట్ల మీద ఆడుతున్నాయి, వినపడీ వినపడనట్టు.

ఆమె చిటికెనవేలు పట్టుకుని మెత్తగా నొక్కాను.

"ఆ," అంది అత్త. "కొసరు గూడా వెయ్యి."